పొలంలో దెబ్బతిన్న తాబేలు పిల్ల దొరికితే... మొదటి 48 గంటలు ఏం చేయాలి?



తొలకరి పడి, వేరుశనగ మొలిచాక కలుపు పనులు ఊపందుకుంటాయి. సరిగ్గా అవే రోజుల్లో నక్షత్ర తాబేళ్లు కూడా పొదల్లోంచి బయటికొస్తాయి. వాన పడితేనే కదా వాటికి లేత గడ్డి దొరికేది! రాయలసీమ మెట్ట పొలాల్లో గుంటక కిందో, పవర్ వీడర్ కిందో పడి, లేదా కుక్క నోటికి చిక్కి చిప్ప పగిలిన పిల్ల తాబేలు కనబడటం కొత్తేమీ కాదు. పిల్ల నిమ్మకాయంత ఉంటుంది, మట్టిలో కలిసిపోతుంది. చప్పుడు వినగానే పారిపోదు, తల లోపలికి లాక్కుని అక్కడే ఉండిపోతుంది. అందుకే దెబ్బ తింటుంది.

అప్పుడు చుట్టూ చేరినవాళ్లు తలా ఒక మాట చెప్తారు. "చిప్పే కదా, దానికేం కాదు, వదిలెయ్" అని ఒకరు. "పసుపు పెట్టు" అని ఇంకొకరు. "ఇంట్లో పెంచితే కలిసొస్తుంది, తీసుకుపో" అని మరొకరు. ఈ మూడింట్లో ఏది చేసినా పిల్లకి నష్టమే. ఎందుకో చూద్దాం. కట్టు కట్టే పద్ధతి పై వీడియోలో ఉంది, కారణాలు ఇక్కడ చదవండి.

చిప్ప అంటే పెంకు కాదు, ఒళ్లే

తాబేలు చిప్ప నత్త గుల్ల లాంటిది కాదు. పైన మన గోరు లాంటి పొర ఉంటుంది, దాని కింద ప్రాణమున్న ఎముక. వెన్నెముక, పక్కటెముకలు ఆ చిప్పలోనే కలిసిపోయి ఉంటాయి. అందులో రక్తం పారుతుంది, నరాలుంటాయి, నొప్పి తెలుస్తుంది. పైచిప్పకి సరిగ్గా కిందే ఊపిరితిత్తులు ఉంటాయి. కాబట్టి పైచిప్ప పగుళ్లను మన పక్కటెముకలు విరిగినట్టే చూడాలి.

ముందు ఏ తాబేలో చూడండి

కాళ్లు ఏనుగు కాళ్లలా లావుగా, పొలుసులతో ఉండి, చిప్ప గట్టిగా డొప్పలా ఉంటే నేల తాబేలు. నక్షత్ర తాబేలు ఇదే. దీన్ని నీళ్ల తొట్లో వేస్తే మునిగి చచ్చిపోతుంది. వేళ్ల మధ్య తోలు ఉండి, చిప్ప నున్నగా తోలు కప్పినట్టుంటే అది చెరువుల్లో, వరి మడుల్లో తిరిగే నీటి తాబేలు. దీన్ని రోజుల తరబడి పొడిగా ఉంచకూడదు. చికిత్స దొరికేదాకా తడి గుడ్డ మీద ఉంచండి, గాయం మాత్రం తడవనివ్వకండి.

తల్లి వస్తుందేమోనని ఎదురుచూడక్కర్లేదు. తాబేలు గుడ్లు పెట్టి మట్టి కప్పి వెళ్లిపోతుంది. పిల్లలు పుట్టిన రోజు నుంచీ ఒంటరిగానే బతుకుతాయి.

ఇంట్లో చేయాల్సింది

1. రక్తం కారుతుంటే శుభ్రమైన గాజు గుడ్డతో మెల్లగా అదిమి పట్టుకోండి. ఐదు నిమిషాల దాకా తీసి చూడకండి.

2. పగుల్లోంచి బుడగలు వస్తున్నా, లోపలి పొర కనబడుతున్నా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సెలైన్‌తో తడిపి పిండిన గాజు గుడ్డ కప్పి వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

3. గాయం పైపైనే ఉంటే మెడికల్ షాపులో దొరికే సెలైన్‌తో కడగండి. అది లేకపోతే లీటరు నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ స్పూను కలపండి. తర్వాత బెటాడిన్‌ని పలచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లతో కలిపి, దూదితో అద్దండి.

4. ప్లాస్టిక్ టబ్బులో న్యూస్ పేపరు పరిచి అందులో ఉంచండి. మట్టి, ఊక, గడ్డి వద్దు, గాయంలోకి పోతాయి. పైన దోమతెర కప్పండి. ఈగ వాలితే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది.

5. తాబేలుకి ఒంట్లో సొంత వేడి ఉండదు. చల్లబడితే రోగాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గిపోతుంది. 28 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం చూడండి. వానాకాలం రాత్రుల్లో టబ్బుకి ఒక చివర, అడుగు ఎత్తులో 40 వాట్ల బల్బు వేలాడదీస్తే చాలు. రెండో చివర చల్లగా వదలండి, దానికి ఎటు కావాలంటే అటు జరుగుతుంది.

6. చురుగ్గా ఉంటే గరిక, మందార ఆకులు, పువ్వులు ముందు పెట్టండి. తినకపోతే నోరు తెరిచి పెట్టకండి. పాలు, అన్నం, బిస్కెట్లు అసలే వద్దు.

పట్టుకున్న ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. పిల్లల చేతికి ఇవ్వకండి.

చేయకూడనివి

మన ప్రకృతి వ్యవసాయదారులకి ప్రత్యేకంగా ఒక మాట. జీవామృతం, పంచగవ్యం మట్టికి బలం. వాటి బలమంతా అందులోని సూక్ష్మజీవులదే. అవే సూక్ష్మజీవులు పగిలిన ఎముకలోకి దిగితే చీము పడుతుంది. కాబట్టి గాయం మీద అవి వద్దు. పసుపు, కాఫీ పొడి, బూడిద కూడా పగుల్లో కూరకండి. గడ్డకట్టి లోపలి మురికిని అక్కడే ఉంచేస్తాయి. ఫెవిక్విక్, ఎం-సీల్ పెట్టి అతికించడమూ అంతే. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల కుళ్లుతుంది.

అన్నిటికంటే ప్రమాదం ఐవర్మెక్టిన్. పశువులకి గోమార్లు, పురుగులు పోవడానికి వాడతాం కాబట్టి చాలామంది ఇళ్లలో ఉంటుంది. తాబేళ్లకి అది విషం, ప్రాణం తీస్తుంది. పురుగు పడితే పట్టకారుతో ఒక్కొక్కటీ తీయాలి తప్ప ఈ మందు వాడొద్దు. మనుషుల నొప్పి మాత్రలు కూడా వద్దు.

48 గంటలు ఎందుకు?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం ఇలా చేతికొచ్చిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ, అటవీ అధికారికి గానీ తెలపాలి, అడిగితే అప్పగించాలి. 2022 సవరణ తర్వాత నక్షత్ర తాబేలు షెడ్యూల్ 1లో ఉంది. దీన్ని పట్టి పెంచినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. కేసు పెడతారేమోనని భయపడి దాచిపెట్టేవాళ్లున్నారు. దొరికిన చోటు, టైము, గాయం కనబడేలా ఫోన్లో ఫోటో తీసి, వెంటనే బీట్ ఆఫీసర్‌కి చెప్పేయండి. దాచినకొద్దీ చిక్కు, చెప్తే మీరు సాయం చేసినవారు.

చికిత్స కోసం కూడా అదే మంచిది. చిప్ప ఎముక అతకడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఎక్స్‌రే, తూకం చూసి ఇచ్చే ఇంజెక్షన్లు ఇంట్లో కుదరవు. తిరుపతి, విశాఖ, హైదరాబాద్ జూల్లో వన్యప్రాణుల్ని చూసే పశువైద్యులుంటారు. కోలుకున్నాక ఎక్కడ వదలాలో అటవీ శాఖే చూసుకుంటుంది. వేరే ఊరి గుట్టలో వదిలితే అక్కడి తాబేళ్లకి కొత్త రోగాలు అంటుకోవచ్చు.

ఇక కలిసొస్తుందనే మాట. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెట్టే జాతి మనది. ఆ దేవుడి రూపాన్ని బకెట్‌లో బంధిస్తే ఏం కలిసొస్తుంది చెప్పండి?

దెబ్బ తగలకుండా

వీడర్ స్టార్ట్ చేసేముందు గట్ల పక్క సాళ్లలో ఒకసారి నడిచి చూడండి. బ్రష్ కట్టర్‌ని నేలకి ఆనించకుండా జానెడు ఎత్తులో నడపండి. గట్ల మీద గడ్డి తగలబెట్టకండి, కోసి ఆచ్ఛాదనగా వేసుకోండి. నిప్పు నుంచి తాబేలు పరుగెత్తలేదు. ఒరలేని బావి చుట్టూ రాళ్లు పేర్చండి. గట్టు మీద నాలుగు పొదలు ఉండనివ్వండి.

మీ పొలంలో తాబేలు తిరుగుతోందంటే మీ మట్టి ఇంకా విషం కాలేదన్నమాట. ఈ సంగతి మీ ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టండి. కలుపు సీజన్ మొదలవ్వకముందే పెడితే ఇంకా మంచిది.