హెచ్ పైలోరీ: వెల్లుల్లి, తేనె, మజ్జిగతో ఆ మొండి బ్యాక్టీరియా పోతుందా? అసలు విషయం ఇదే..

పరగడుపున కడుపులో మంట.. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయినట్టు ఉండటం.. తరచూ తేన్పులు, వికారం. ఇలా ఉంటే చాలామంది గ్యాస్ ట్రబుల్ అని సరిపెట్టుకుంటారు. ఓ మాత్ర వేసుకుని ఊరుకుంటారు. కానీ నెలలు గడిచినా తగ్గకపోతే దాని వెనుక హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. డాక్టర్లు దీన్నే హెచ్ పైలోరీ అంటారు. టెస్టులో పాజిటివ్ వచ్చాక, రెండు వారాల పాటు యాంటీబయాటిక్స్ వాడాలంటే కొందరు భయపడతారు. ఇంటి చిట్కాలతోనే తగ్గించుకుందామని చూస్తారు. మరి అవి ఎంతవరకు పనిచేస్తాయి?

ఎందుకింత మొండిది?

కడుపులోని యాసిడ్ చాలా సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. హెచ్ పైలోరీ మాత్రం తట్టుకుంటుంది. ఇది యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను అమ్మోనియాగా మార్చేస్తుంది. దాంతో చుట్టూ ఉన్న యాసిడ్ ఘాటు తగ్గుతుంది. ఆ తర్వాత కడుపు గోడపై ఉండే జిగురు పొరలోకి దూరి అక్కడే ఉండిపోతుంది. అందుకే దీన్ని పూర్తిగా వదిలించుకోవడం కష్టం.

ఒకప్పుడు అల్సర్లకు టెన్షన్, కారం తిండే కారణమని నమ్మేవారు. ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ నమ్మకాన్ని మార్చేశారు. 1984లో మార్షల్ ఏకంగా ఈ బ్యాక్టీరియా కలిపిన ద్రావణాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లోనే ఆయన కడుపు లోపలి పొర వాచింది. 2005లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

ఇది సోకిన వాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణాలూ ఉండవు. కానీ కొందరికి అల్సర్లు వస్తాయి. తక్కువమందిలో ఏళ్లు గడిచాక కడుపు క్యాన్సర్‌కూ దారితీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఏ చిట్కా ఎంత పనిచేస్తుంది?

వెల్లుల్లి: ల్యాబ్‌లో వెల్లుల్లి రసం ఈ బ్యాక్టీరియా పెరగకుండా ఆపుతుంది. కానీ మనుషుల్లో అలా జరగలేదు. 1999లో అమెరికాలో వచ్చిన ఓ చిన్న అధ్యయనంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి భోజనంతో పాటు పచ్చి వెల్లుల్లి పెట్టారు. బ్యాక్టీరియాపై ప్రభావం కనిపించలేదు.

తేనె, పసుపు: వీటిదీ దాదాపు అదే కథ. గాజు పాత్రలో బ్యాక్టీరియాకు నేరుగా తగిలితే పనిచేస్తాయి. కడుపులో ఆహారం, యాసిడ్, జిగురు పొర అన్నీ దాటుకుని చేరాలి. వీటితోనే ఇన్ఫెక్షన్ పోతుందని చెప్పేందుకు గట్టి ఆధారాలు లేవు.

బ్రోకలీ మొలకలు: 2009లో వచ్చిన జపాన్ అధ్యయనంలో 48 మందిని తీసుకున్నారు. వాళ్లలో కొందరికి రోజుకు 70 గ్రాముల చొప్పున 8 వారాలు ఇవి పెట్టారు. బ్యాక్టీరియా ఉనికిని తెలిపే సూచికలు తగ్గాయి. తినడం ఆపిన రెండు నెలలకే మళ్లీ మొదటికొచ్చాయి.

పెరుగు, మజ్జిగ: వీటిలోని మంచి బ్యాక్టీరియా ఒంటరిగా హెచ్ పైలోరీని తరిమేయలేదు. అయితే యాంటీబయాటిక్స్‌తో పాటు ప్రోబయాటిక్స్ తీసుకుంటే విరేచనాల వంటి సైడ్ ఎఫెక్ట్స్ తగ్గుతాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. కోర్సు మధ్యలో ఆపేయకుండా పూర్తి చేయడానికి ఇది ఉపయోగపడుతుంది.

మంట తగ్గితే పోయినట్టేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. చల్లటి పాలు, సోడా, యాంటాసిడ్ తాగితే మంట తగ్గుతుంది. కానీ అది యాసిడ్‌పై పనిచేసినట్టు మాత్రమే. బ్యాక్టీరియా అక్కడే ఉంటుంది. ఉపశమనం వచ్చిందని ఊరుకుంటే లోపల పుండు పెరిగిపోవచ్చు.

చికిత్సలో యాసిడ్ తగ్గించే మందుతో పాటు కనీసం రెండు రకాల యాంటీబయాటిక్స్ ఇస్తారు. కొన్నిసార్లు బిస్మత్ కూడా కలుపుతారు. సాధారణంగా 14 రోజుల కోర్సు ఇది. అయిదో రోజే బాగుందని ఆపేస్తే మిగిలిన బ్యాక్టీరియా మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్ పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే అధిక ప్రాధాన్య జాబితాలో పెట్టింది.

ఇవి మర్చిపోవద్దు

* కోర్సు అయిపోయిన కనీసం 4 వారాల తర్వాత బ్రెత్ టెస్ట్ లేదా మల పరీక్ష చేయించుకోవాలి. బ్యాక్టీరియా పోయిందా లేదా అనేది అప్పుడే తేలుతుంది.
* ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మాత్రలు వాడుతుంటే టెస్టుకు 2 వారాల ముందే ఆపాల్సి ఉంటుంది. లేదంటే ఇన్ఫెక్షన్ ఉన్నా నెగెటివ్ రావొచ్చు. ఎప్పుడు ఆపాలో డాక్టర్‌ను అడగండి.
* డాక్టర్‌కు చెప్పకుండా నొప్పి మాత్రలు వాడొద్దు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అల్సర్ ముప్పును పెంచుతాయి.
* మూలికల పొడులు వాడుతుంటే ఆ విషయం కూడా డాక్టర్‌కు చెప్పండి.
* రక్తపు వాంతి, తారులాంటి నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగడంలో ఇబ్బంది.. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బిస్మత్ వాడేటప్పుడు మలం నల్లగా రావడం మామూలే అయినా, అనుమానం ఉంటే డాక్టర్‌ను అడగడమే మంచిది.

వెల్లుల్లి, పసుపు వంటల్లో వాడుకోవచ్చు. మజ్జిగ రోజూ తాగొచ్చు. కానీ అవన్నీ మందుకు తోడుగానే తప్ప మందుకు బదులు కాదు.