ఐపీ68 ఫోన్‌తో సముద్రంలో కయాకింగ్ చేయొచ్చా? అండమాన్ ట్రిప్‌కి ముందు ఈ లెక్క చూడండి

బచ్చన్నపేట నుంచి ఎటు పోయినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మనకి నీళ్లంటే చెరువు, బోరు, నల్లా. అలాంటిది ఇంటిల్లిపాదీ అండమాన్ టికెట్లు బుక్ చేసుకున్నాక వచ్చే మొదటి డౌట్ ఇదే: "నా ఫోన్ ఐపీ68 కదా, కయాక్‌లోకి పట్టుకుపోవచ్చు కదా?"

బాక్స్ మీద ఉన్న ఆ నంబర్ అసలు ఏం చెబుతుందో ముందు చూద్దాం. 6 అంటే దుమ్ము లోపలికి పోదు. 8 అంటే మీటర్ కంటే ఎక్కువ లోతులో, కంపెనీ చెప్పినంత సేపు తట్టుకుంటుంది. ఆ లోతు ఎంతన్నది కంపెనీ ఇష్టం. శాంసంగ్ గెలాక్సీ ఎస్ సిరీస్‌లో 1.5 మీటర్లు, ఐఫోన్ 12 నుంచి మెయిన్ మోడల్స్‌లో 6 మీటర్లు, రెండిట్లోనూ 30 నిమిషాలు. ఒకే ఐపీ68, నాలుగింతల తేడా! పైగా ఈ టెస్ట్ జరిగేది ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో, కొత్త ఫోన్ మీద. బీచ్‌లో వాడొద్దని శాంసంగే తన ఫుట్‌నోట్‌లో రాస్తుంది, కానీ యాడ్‌లో స్విమ్మింగ్ పూల్ పక్కన ఫోన్ చూపించడం ఎవరూ మానరు.

ఇప్పుడు అలల సంగతి. మామూలు కయాకింగ్‌లో ప్రశాంతమైన నీళ్ల మీద తెడ్డు వేసుకుంటూ పోతాం. సర్ఫ్ కయాకింగ్‌లో విరిగే అల మీదికెక్కి జారతాం. వైజాగ్ రుషికొండలో అడుగున ఇసుక. రీఫ్ బ్రేక్‌లో అడుగున పగడపు దిబ్బ. లోతు సముద్రం నుంచి వచ్చిన అల ఒక్కసారిగా ఆ దిబ్బని తాకితే కింది భాగం నెమ్మదిస్తుంది, పైభాగం ముందుకి ఒరిగి కూలిపోతుంది. సుమారుగా అల ఎత్తు నీటి లోతులో 0.8 వంతుకి చేరినప్పుడు విరుగుతుంది. అంటే మీటర్ ఎత్తు అల విరిగే చోట లోతు దాదాపు 1.3 మీటర్లే, కింద కత్తిలాంటి పగడం. అందుకే అక్కడ హెల్మెట్ లేకుండా దిగకూడదు.

లోతు అంతేగా, ఫోన్‌కేం కాదు అనుకోకండి. వేగంగా కొట్టే నీటికి వేరే ప్రెషర్ ఉంటుంది, ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిందే: సాంద్రతలో సగం, ఇంటూ వేగం వర్గం. నీళ్లు సెకనుకి 5 మీటర్ల వేగంతో తాకితే అది 1.3 మీటర్ల లోతుతో సమానం. 10 మీటర్లైతే 5 మీటర్ల లోతు. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. శాంసంగ్ 1.5 మీటర్ల లిమిట్ మొదటి కేసులోనే దాదాపు అయిపోయింది. ఇక సంవత్సరం వాడి, రెండుసార్లు కిందపడ్డ ఫోన్ సీల్ గురించి చెప్పేదేముంది!

ఉప్పు ఇంకో తలనొప్పి. లీటర్ సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, కరెంట్ బాగా పారుతుంది. తడి పోర్ట్‌లో ఛార్జర్ పెడితే పిన్నులు తినేస్తుంది. స్క్రీన్ మీద ఉప్పునీళ్లుంటే టచ్ కూడా పిచ్చిపిచ్చిగా పనిచేస్తుంది.

నిజానికి పోయేది ఫోటోలే అయితే ఇంత రాయక్కర్లేదు. కయాక్ బోల్తా పడి, తమ్ముడు ఒకవైపు, నాన్న ఒకవైపు కొట్టుకుపోతే సాయం పిలవడానికి మీ చేతిలో ఉండేది ఆ ఫోనే. కాబట్టి దాన్ని కయాక్‌కి కట్టొద్దు, ఎందుకంటే అల ముందుగా లాక్కుపోయేది కయాక్‌నే. డబుల్ లాక్ పౌచ్‌లో కొంచెం గాలి ఉంచి (నీళ్లలో తేలుతుంది) లైఫ్ జాకెట్‌కి బిగించండి. జాకెట్‌కి ఒక విజిల్ కూడా. ట్రిప్‌కి ముందే పౌచ్‌లో టిష్యూ పేపర్ పెట్టి బకెట్ నీళ్లలో అరగంట ముంచి చూడండి, తడిస్తే ఆ పౌచ్ పక్కన పడేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది, ఇంటి దగ్గరే సెట్ చేసుకోండి. సముద్రంలో ఆపదకి కోస్ట్ గార్డ్ నంబర్ 1554, మామూలు ఎమర్జెన్సీకి 112.

నెట్‌వర్క్? 2020 ఆగస్టులో చెన్నై నుంచి దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ మొదలయ్యాక పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం), హ్యావ్‌లాక్, లిటిల్ అండమాన్‌లకి ఫైబర్ అందింది. కానీ ఫైబర్ ఒడ్డు దాకానే, నీళ్ల మీద సిగ్నల్‌కి గ్యారంటీ లేదు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. శాటిలైట్ ఫోన్, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి ఎవరో అమ్ముతున్నారని కొనకండి, పర్మిషన్ లేకుండా ఇండియాలో అవి చట్టవిరుద్ధం.

ఇంకో మంచి విషయం: అండమాన్ అలల ఫోర్‌కాస్ట్ తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే. ఇన్‌కాయిస్ సంస్థ ఎత్తైన అలలకి, ఉప్పెన లాంటి స్వెల్‌కి అలర్ట్‌లు ఇస్తుంది, వాళ్ల సముద్ర యాప్ ఉచితం. అలర్ట్ ఉన్న రోజు ఆపరేటర్ ఎంత నచ్చజెప్పినా దిగొద్దు. సర్ఫింగ్‌కి పేరున్న లిటిల్ అండమాన్ బట్లర్ బే పెద్ద అలలు నేర్చుకున్నవాళ్లకే. అమ్మానాన్నలు, పిల్లలతో వెళ్తే హ్యావ్‌లాక్ మడ అడవుల్లో కయాకింగ్ చాలు. భాష సమస్య కూడా తక్కువే, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో 13 శాతం మంది మాతృభాష తెలుగు.

ఒడ్డుకొచ్చాక ఫోన్ తడిసిందా? ఆఫ్ చేసి, మంచినీళ్లతో కడిగి, పోర్ట్ కిందికి ఉండేలా అరచేతికి మెల్లగా తట్టండి, గాలి తగిలే చోట పెట్టండి. కేబుల్‌తో ఛార్జింగ్ కనీసం 5 గంటలు ఆగాక. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, ఆ పొడి పోర్ట్‌లోకి పోతుందని ఆపిల్ కూడా వద్దంటుంది.