పాత కెమేరాతో పట్టూ విడుపూ

తాతగారి కెమేరా ఒకటి ఇనప్పెట్టె అడుగున దొరికిందనుకోండి. తుడిచి చూస్తారు. అద్దం బాగానే ఉంది. కాని దూరం సరిచేసే రింగు కదలదు. ముందున్న పసుపు ఫిల్టరు ఊడిరాదు. ఇంట్లో ఎవరో ఒకరు పట్టుకారూ, నూనె సీసా తెస్తారు. లెన్సుకు అసలు గండం అప్పుడే మొదలు! అరవై ఏళ్లు చెక్కుచెదరని వస్తువు అరగంటలో పాడవుతుంది.

పాత లెన్సు ఇప్పుడెందుకని అనకండి. సోవియట్ దేశంలో జెనిట్ కెమేరాలతో వచ్చిన హీలియాస్ 44-2నే చూడండి. 58 మిల్లీమీటర్ల ఆ లెన్సును నేటి డిజిటల్ కెమేరాలకు చిన్న అడాప్టరుతో తగిలించి కుర్రకారు ముచ్చటగా ఫోటోలు తీస్తున్నారు. అయితే పసుపు ఫిల్టరు దానికి అంటుకుపోయి ఉంటే, పెళ్లికూతురు పసుపు రాయకుండానే పచ్చబడుతుంది!

ఇంతకూ ఆ పసుపు గాజు ఎందుకు? నలుపు తెలుపు ఫిల్ములో నీలాకాశం తెల్లగా పాలిపోయేది. మబ్బులు అందులో కలిసిపోయేవి. పసుపు గాజు నీలికాంతిని కొంత ఆపితే ఆకాశం ముదిరి మబ్బులు తేలేవి. అందుకు మారుగా వెలుతురు దాదాపు రెట్టింపు ఇవ్వవలసి వచ్చేది.

ఫిల్టరు రింగును రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కితే ఏమవుతుంది? గుండ్రటి రింగు కోడిగుడ్డు ఆకారానికి సాగి, మరలు మరింత కరచుకుంటాయి. బలం పెరిగినకొద్దీ బిగువూ పెరుగుతుందన్నమాట. పట్టు చుట్టూ సమంగా ఉండాలి. వంటింటి రబ్బరు తొడుగు వేసుకొని, అరచేతిని రింగు అంచుకు సమంగా ఆనించి, తేలికగా నొక్కుతూ ఎడమవైపుకు తిప్పండి. లేదా అంచు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి తిప్పండి. మా కళాశాల విద్యార్థి ఒకడు తెచ్చిన లెన్సు ఈ ఉపాయానికే లొంగింది. అంచు సొట్టపోయి ఉంటే మాత్రం, దాన్ని లోపలినుంచి మెల్లగా వెడల్పుచేసే పరికరం రిపేరర్ల దగ్గర ఉంటుంది.

వేడిచేస్తే వదులుతుందంటారు. రెండు రింగులూ ఒకే లోహమైతే కలిసే వ్యాకోచిస్తాయి, లాభం స్వల్పం. పైగా పాత లెన్సులలో గాజుబిళ్లలను అతికిన కెనడా బాల్సం అనే జిగురు వేడికి మెత్తబడుతుంది. పోనీ, ఫ్రిజ్‌లో పెడదామా? బయటికి తీయగానే మంచు పడుతుంది. మన కోస్తా ఉక్కలో గాజుకు బూజు పట్టడానికి ఆ తేమ చాలు.

ఇక కదలని దూరపు రింగు. అందులో గ్రీజు ఏళ్ల తరబడి ఎండి బంకలా గట్టిపడుతుంది. పలుచని నూనె పోస్తే ఆ పూటకు కదలవచ్చు; కాని అది పాకి, వెలుతురును తగ్గించే రెక్కలకు అంటుకొని వాటినీ బిగించేస్తుంది. సరైన పద్ధతి విప్పి, పాత గ్రీజు కడిగి, కొత్తది రాయడమే. ఇది తెలిసినవారి పని. లోపలి మరలకు మొదళ్లు అనేకం. ఏ చోట విడివడ్డాయో గుర్తుపెట్టుకొని అక్కడే కలపాలి. తప్పితే, దూరపు కొండలు నునుపుమాట అటుంచి మసకబారిపోతాయి!

కొత్త ఫిల్టరు కొనేముందు కొలత చూచుకోండి. హీలియాస్ 44-2కు 49 మిల్లీమీటర్లు. దాని తమ్ముడు 44ఎంకు 52. పాత లైకా ఎల్మార్‌కు మరలే పట్టవు. 36 మిల్లీమీటర్ల తొడుగు ఫిల్టరు కావాలి. రోలీఫ్లెక్స్‌కు గాళ్లలో దూర్చి తిప్పే పద్ధతి.

మరల ఫిల్టరు బిగించేముందు ఒకసారి ఎడమకు తిప్పండి. టక్కున కూర్చున్నట్టు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పండి. ఆనగానే ఆపండి. ఇవాళ బిగించేది మీరే అయినా, యాభై ఏళ్ల తరువాత విప్పవలసినవాడు మీ మనుమడు కావచ్చు.