ఒట్టు పెట్టుకున్నాక మిగిలే పని

చిత్తూరు దగ్గరి కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడి ఎదుట ఒట్టేసి తప్పితే స్వామి ఊరుకోడని నమ్మకం. అందుకే కోనేట్లో స్నానం చేసి, ఇక తాగనని ప్రమాణం చేసే మగవాళ్లు అక్కడికి వస్తుంటారు.

ఆ ఒట్టుకు బలముంది. అయితే ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మద్యం మెదడును జోకొడుతుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తనను రెచ్చగొట్టే గ్లుటమేట్ అనే రసాయనం జోరు పెంచుకుంటుంది. మందు ఆగగానే ఆ జోరుకు పగ్గం ఉండదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. కొందరికి రెండు మూడు రోజులకు లేనివి కనబడి మతి తప్పుతుంది. అది దేవుడి ఆగ్రహం కాదు, వైద్యం ఉన్న జబ్బు. మానేసిన తొలి వారం డాక్టరు కనుసన్నల్లోనే గడవాలి.

ఒళ్లు కుదుటపడ్డాక అసలు పని మొదలవుతుంది. పలమనేరు వైపు టమాటా ధర పడిపోయి అప్పు మిగిలిన రైతుకు రాత్రి నిద్రపట్టించింది క్వార్టర్ సీసానే అనుకుందాం. సీసా పోయింది, అప్పు అలాగే ఉంది. పైగా, తాగుడు మానిన తొలి నెలల్లో ఒత్తిడికి స్పందించే మెదడు వ్యవస్థ ఇంకా ఉద్రేకంగానే ఉంటుంది. పాత బాధ మునుపటికన్నా ఎక్కువ గుచ్చుతుంది. కాబట్టి చిన్ననాటి దెబ్బలనూ చావుల దుఃఖాన్నీ మొదటి వారమే తవ్వితీయమని బలవంతపెట్టకూడదు. ముందు నిద్ర, తిండి, సాయంత్రాలు గడిచే తీరు. లోతైన గాయాల సంగతి తర్వాత, కౌన్సెలర్ తోడుతో మెల్లగా.

మళ్లీ తాగడానికి దారితీసే సందర్భాలను అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లట్ వర్గీకరించాడు. వాటిలో ముఖ్యమైనవి మూడు: దిగులు, కోపం లాంటి చేదు భావాలు; ఇంట్లో, బయట గొడవలు; స్నేహితుల ఒత్తిడి. ఒక్క గుక్కతో పుట్టే అపరాధభావమే మనిషిని పూర్తిగా ముంచే ప్రమాదం ఉందనీ ఆయన చెప్పాడు. ఒట్టేసినవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువని నాకనిపిస్తుంది. ‘ఎట్లాగూ ఒట్టు తప్పింది’ అనుకున్నాక రెండో సీసాకు అడ్డేముంటుంది?

అందుకే మళ్లీ తాగివచ్చిన రాత్రి ఇంట్లోవాళ్లు ‘దేవుడి మీద ఒట్టేసి మళ్లీ ఎందుకు తాగినావు?’ అని నిలదీయకపోతే మేలు. మర్నాడు మత్తు దిగాక, ‘నిన్న ఏం జరిగింది? ఎవరు కలిశారు? మధ్యాహ్నం తిన్నావా?’ అని అడగాలి. జవాబులు నోటుపుస్తకంలో రాసుకుని, తిరుపతి రుయా ఆసుపత్రిలోనో మరోచోటో మానసిక వైద్యుడికి చూపించవచ్చు. తాగాలనే యావను తగ్గించే నాల్ట్రెక్సోన్ వంటి మాత్రలూ ఉన్నాయి. కదల్లేనివాళ్లు టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.