మిడత జాతిని పోల్చుకోవడం ఎలా?

కొత్త మిడత కనబడితే అందరి చూపూ ముందు దాని రంగు మీదికే వెళుతుంది. జాతిని తేల్చాలంటే మాత్రం రంగును ఆఖరున చూడాలి. ఎడారి మిడత ఒంటరిగా బతికినన్నాళ్లూ మట్టిరంగులో ఉంటుంది. దండు కట్టాక లేతవి గులాబీ రంగులో, ముదిరినవి పసుపుపచ్చగా కనిపిస్తాయి. రంగునే నమ్ముకుంటే ఒక్క జాతే మూడు జాతులవుతుంది.

మొదట చూడాల్సింది మీసాలు. అవి ఒంటికంటే బాగా పొట్టిగా ఉంటే మిడతే. వెంట్రుకల్లా సన్నబడి ఒంటిని మించి సాగితే అది కీచురాళ్ల కుదురుకు చెందిన పురుగు. మిడత చెవి పొట్ట మొదటి కణుపు పక్కన ఉంటుంది. కీచురాళ్లకు ముందుకాళ్ల మీద ఉంటుంది.

ఆ తర్వాత రెక్కలు. పిల్ల మిడతకు వాటి చోట చిన్న మొగ్గలే కనిపిస్తాయి. కొన్ని జాతుల్లో పెద్దవాటి రెక్కలూ పొట్టివే కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు. పెద్ద మిడత పై రెక్కల మాటున కింది రెక్కలు మడిచి ఉంటాయి. వాటి రంగు ఎగిరినప్పుడే బయటపడుతుంది, చాలాసార్లు జాతిని పట్టిచ్చేదీ అదే.

ఉదాహరణకు జిల్లేడు మిడత. దీని ఒంటి మీద పసుపు, నీలాకుపచ్చ పట్టీలు ఉంటాయి. పై రెక్కలు ఆకుపచ్చ, వాటి మీద పసుపు చుక్కలు. కింది రెక్కలు లేత ఎరుపు. భూతద్దంతో చూస్తే తల కొసన, మీసాల నడుమ సన్నని గాడి కనిపిస్తుంది. ఎడారి మిడత కుటుంబంలో ఆ గాడి ఉండదు. జిల్లేడు పాలలోని విషాన్ని ఈ మిడత ఒంట్లో దాచుకుంటుంది. సగం ఎదిగిన పిల్లను కాస్త నొక్కితే చాలు, వీపు మీది రంధ్రం నుంచి రెండంగుళాల దూరం ద్రవం చిమ్ముతుంది. ఇంత నిబ్బరం ఉన్న జీవికి ఆకుల్లో దాక్కునే పని లేదు. ఆ మెరిసే పట్టీలు పక్షులకు హెచ్చరిక.

2020 మే చివర్లో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్లకు మిడతలు గుంపులుగా పట్టాయి. ఉత్తరాదిన పంటల మీద పడ్డ ఎడారి మిడతల దండే వచ్చిందని జనం హడలిపోయారు. అవి స్థానిక మిడతలేనని అధికారులు తేల్చారు. అవి పట్టింది జిల్లేడుకే; మిడత ఏ మొక్కను తింటోందన్నదీ ఒంటి గుర్తులకు తోడయ్యే ఆధారమే.

కాబట్టి తెలియని మిడత కనిపిస్తే చంపకుండా పక్కనుంచి, పైనుంచి, ముఖం ఎదురుగా ఫోటోలు తీయండి. అది వాలిన మొక్కనూ ఫోటోలో పడనివ్వండి.