తోటి కంపెనీల కంటే చౌకగా ఉంటే కొనేయొచ్చా? ఆదోని పత్తి యార్డు లెక్కతో పీఈ రేషియో

ఈ ఎపిసోడ్‌లో ఒక్క ప్రశ్న మాత్రమే తీసుకుందాం. ట్రేడింగ్ యాప్‌లో ఏదైనా షేర్ తెరిస్తే రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. కంపెనీ పీఈ 8, ఇండస్ట్రీ పీఈ 20. వెంటనే వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది, "సగం రేటుకే దొరుకుతోంది, వదలకండి" అని. పత్తి అమ్మిన డబ్బు చేతిలో ఉన్నప్పుడు ఇలాంటి మెసేజ్ చూస్తే మనసు లాగుతుంది. ఆ డబ్బు వచ్చే ఖరీఫ్‌కి విత్తనం, ఎరువు కొనాల్సిన డబ్బు కూడా కావచ్చు. అందుకే ఈ లెక్క సరిగ్గా తెలుసుకోవాలి.

ముందుగా పీఈ అంటే ఏంటి? షేర్ ధరని, ఒక్కో షేర్‌కి ఏడాదిలో వచ్చిన లాభంతో భాగించడమే. షేర్ 100 రూపాయలు, లాభం 10 రూపాయలు అయితే పీఈ 10. అంటే ఒక్క రూపాయి లాభం కోసం మీరు 10 రూపాయలు పెడుతున్నారు. ఒకే రకం వ్యాపారం చేసే కంపెనీల్లో ఎవరి పీఈ తక్కువో చూసి, అది విలువ కంటే తక్కువకి దొరుకుతోందా అని అంచనా వేస్తారు. పద్ధతి మంచిదే. వాడే తీరులోనే తేడా వస్తుంది.

ఆదోని మార్కెట్ యార్డుకి పత్తి తెచ్చేవాళ్లకి ఈ తేడా ఇప్పటికే తెలుసు. ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక లాట్ క్వింటా 7,400, తేమ 8 శాతం. పక్క లాట్ 7,000, తేమ 15 శాతం. చూడగానే రెండోదే చౌక. కానీ తేమ తీసేస్తే మొదటి క్వింటాలో 92 కిలోలు, రెండో దాంట్లో 85 కిలోలు మిగులుతాయి. కిలో లెక్క కడితే మొదటిది సుమారు 80 రూపాయలు, రెండోది 82 దాటుతుంది. చౌక అనుకున్న లాటే ఖరీదు! అందుకే కొనేవాళ్లు బోర్డు మీద రేటు చూసి ఆగరు, పత్తిలో చెయ్యి పెట్టి చూస్తారు.

కంపెనీలో ఈ తేమ లాంటిది అప్పు. రెండు నూలు మిల్లులు ఉన్నాయనుకోండి. ఇవి ఊహించిన అంకెలే. మొదటి మిల్లు షేర్లన్నిటి విలువ 1,000 కోట్లు, లాభం 100 కోట్లు, అప్పు లేదు. పీఈ 10. రెండో మిల్లు విలువ 320 కోట్లు, లాభం 40 కోట్లు, అప్పు 800 కోట్లు. పీఈ 8. పీఈ చూస్తే రెండోదే చౌక. కానీ మిల్లు మొత్తం కొనాలంటే ఆ అప్పు కూడా మీ నెత్తినే పడుతుంది కదా? అప్పుడు రెండో మిల్లు అసలు ఖరీదు 1,120 కోట్లు. వడ్డీ, పన్ను, తరుగుదల తీయకముందు లాభం మొదటి మిల్లుకి 170 కోట్లు, రెండో దానికి 150 కోట్లు అనుకుందాం. మొదటిది దాదాపు 6 రెట్లకి వస్తోంది, రెండోది ఏడున్నర రెట్లకి. దీన్నే ఈవీ-ఎబిటా రేషియో అంటారు. అప్పు ఎక్కువ ఉండే రంగాల్లో పీఈతో పాటు ఇది కూడా చూడాలి.

తోటి కంపెనీ అంటే ఎవరు?

ఎమ్మిగనూరు అంటే చేనేత గుర్తొస్తుంది. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. మగ్గం మీద నేసిన బట్టనీ, పవర్‌లూమ్ బట్టనీ పక్కన పెట్టి మీటరు రేటు మాత్రమే చూస్తే ఏమవుతుంది? రెండూ బట్టలే, కానీ పోలికే తప్పు. శ్రమ వేరు, కొనేవాళ్లు వేరు.

స్టాక్ మార్కెట్‌లో "టెక్స్‌టైల్" అనే పేరు కింద కూడా ఇదే జరుగుతుంది. వర్ధమాన్ టెక్స్‌టైల్స్ ప్రధానంగా నూలు, బట్ట తయారు చేస్తుంది. కేపీఆర్ మిల్‌కి నూలుతో పాటు రెడీమేడ్ దుస్తులు, చక్కెర వ్యాపారాలు కూడా ఉన్నాయి. పేజ్ ఇండస్ట్రీస్ మన దేశంలో జాకీ బ్రాండ్ అమ్ముతుంది, అంటే దాని బలం బ్రాండు. పేజ్ పీఈతో పోల్చి ఒక నూలు మిల్లుని "చౌక" అంటే అర్థం ఉండదు. ముడిసరుకు, కొనేవాళ్లు, అప్పు, సైజు దగ్గరగా ఉన్న నాలుగైదు కంపెనీలని మీరే ఎంచుకోండి.

ఇంకో చిన్న విషయం. అయిదు మిల్లుల పీఈలు 8, 9, 11, 12, 60 అనుకోండి. సగటు 20 వస్తుంది. అది చూసి 12 ఉన్న మిల్లు చౌక అనిపిస్తుంది. కానీ వరుసలో మధ్యలో ఉన్నది 11. అంటే ఆ మిల్లు మధ్య రేటు కంటే ఎక్కువలోనే ఉంది. పేపర్లో మార్కెట్ ధరలు వేసేటప్పుడు కనిష్ఠం, గరిష్ఠంతో పాటు మధ్యస్థ ధర కూడా వేసేది ఇందుకే. గరిష్ఠ ధర ఒకటి రెండు లాట్లకే పలికి ఉండొచ్చు.

అందరూ చౌకగా కనిపించే ఏడాది

2021-22 సీజన్ గుర్తుందా? పత్తి క్వింటా 10 వేలు దాటింది. 2022 మే నాటికి 356 కిలోల క్యాండీ దూది లక్ష రూపాయల దాకా వెళ్లింది. ముందే తక్కువకి పత్తి కొని పెట్టుకున్న మిల్లులకి, నూలు రేటు పెరగడంతో లాభాలు బాగా వచ్చాయి. లాభం పెరిగితే పీఈ తగ్గుతుంది, కాబట్టి చాలా నూలు కంపెనీలు ఒకేసారి చౌకగా కనిపించాయి. ఆ తర్వాత డిమాండ్ తగ్గింది, రేట్లు పడ్డాయి. వర్ధమాన్ టెక్స్‌టైల్స్ లాభం 2021-22లో సుమారు 1,550 కోట్లు, మరుసటి ఏడాది సుమారు 800 కోట్లు. అంటే షేర్ ధర కదలకపోయినా పీఈ దాదాపు రెట్టింపు అయ్యేది.

అందుకే పత్తి, చక్కెర, ఉక్కు లాంటి రంగాల్లో ఒక్క ఏడాది లాభం నమ్మొద్దు. బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ 1934లోనే చెప్పారు, కనీసం అయిదేళ్లు, వీలైతే ఏడు నుంచి పదేళ్ల సగటు లాభం చూడమని.

ఎందుకు తగ్గింపు ఇస్తున్నారు?

తోటి కంపెనీల కంటే ఒకటి బాగా చౌకగా ఉంటే, మార్కెట్ మర్చిపోయిందా, లేక మనకి తెలియనిది ఏదైనా ఉందా? ప్రమోటర్లు షేర్లు తాకట్టు పెట్టారా, ఆడిటర్ మధ్యలో తప్పుకున్నారా, లాభం చూపిస్తున్నా చేతికి నగదు రావట్లేదా? ఇవన్నీ వార్షిక నివేదికలో, ఎక్స్ఛేంజ్ ప్రకటనల్లో ఉచితంగా దొరుకుతాయి.

మన తెలుగువాళ్లకి సత్యం కంటే పెద్ద పాఠం లేదు. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఒక్క రోజులో షేర్ నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. లెక్కల్లో ఉన్న లాభమే అబద్ధమైతే దాని మీద కట్టిన పీఈకి, ఇన్ఫోసిస్‌తో పోలికకి విలువేముంది?

కాబట్టి గుర్తుపెట్టుకోండి. పోల్చిన కంపెనీలు నిజంగా ఒకే రకమా? లాభం మామూలు ఏడాదిదేనా? అప్పు కలిపినా చౌకేనా? తగ్గింపుకి కారణం మీకు తెలుసా? నాలుగింటికీ జవాబు దొరికాకే "అండర్‌వాల్యూడ్" అనే మాట వాడండి. అప్పుడు కూడా తోటివాటి కంటే చౌక అనే అర్థం. ఆ రంగం మొత్తం ఖరీదుగా ఉంటే, అందులో చౌకైనది కూడా ఖరీదే.

ఇక్కడ చెప్పిన కంపెనీల పేర్లు ఉదాహరణకే, కొనమనీ కాదు, అమ్మమనీ కాదు. సలహా కావాలంటే సెబీలో రిజిస్టర్ అయినవాళ్లనే అడగండి. సాగుకి కావాల్సిన డబ్బు మాత్రం షేర్లలో పెట్టొద్దు.