లక్షద్వీప్‌కు ఓడెక్కే ముందు

2024 జనవరిలో ప్రధాని అక్కడ స్నార్కెలింగ్ చేసిన ఫొటోలు బయటికొచ్చాక లక్షద్వీప్ మీద మనవాళ్లకు మోజు పెరిగింది. మోజుతో పాటే అపోహలూ పెరిగాయి.

‘మన దేశమేగా, టికెట్ కొంటే చాలు’

చాలదు. 1967 నాటి నిబంధనల ప్రకారం పర్యాటకులు ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాల్సిందే.

‘ఓడ దిగితే బీచే’

కొచ్చి నుంచి వెళ్లే ‘సముద్రం’ ప్యాకేజీలో కవరత్తి, కల్పేని, మినికాయ్ చూపిస్తారు. పగలు దీవిలో, రాత్రి ఓడలో. అంటే ఒక్కో దీవిలో మీకు దక్కేది కొన్ని గంటలే. దీవి చుట్టూ పగడపు దిబ్బ కోటగోడలా ఉంటుంది కాబట్టి పెద్ద ఓడ చాలాసార్లు దాని బయటే లంగరు వేస్తుంది. అక్కడ ఊగుతున్న ఓడలోంచి ఊగుతున్న చిన్న పడవలోకి దిగాలి. సిబ్బంది చెయ్యి పట్టుకుని దింపుతారనుకోండి, అయినా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదొక పరీక్షే. ప్యాకేజీ అమ్మేవాళ్లు ఈ సంగతి గట్టిగా చెప్పరు.

‘ఈత రాకపోతే కుదరదు’, ‘లైఫ్ జాకెట్ ఉంటే భయం లేదు’

స్నార్కెలింగ్ విషయంలో ఈ రెండూ తప్పే. ఉప్పునీరు మనిషిని కొంత తేలుస్తుంది, మిగతాది జాకెట్ చూసుకుంటుంది. ఈత రానివాళ్లూ గైడు పక్కన ఉంటే చేపల్ని చూసి రావచ్చు. అసలు చిక్కు ఊపిరి దగ్గర. ముక్కు మూసుకుపోయి, నోటితో గొట్టంలోంచి గాలి పీల్చడం కొత్తవాళ్లకు కంగారు పుట్టిస్తుంది. మాస్కులోకి చుక్క నీరు చేరితే చాలు, చేతులూ కాళ్లూ కొట్టుకుంటారు. నడుము లోతు నీళ్లలో పది నిమిషాలు సాధన చేస్తే ఆ కంగారు చాలావరకు పోతుంది. ఇక జాకెట్ మనిషిని మునగకుండా ఆపుతుందే గానీ కొట్టుకుపోకుండా ఆపదు. దిబ్బకు గండి ఉన్నచోట, ఆటు సమయంలో దిబ్బ లోపలి లగూన్ నీరు సముద్రంలోకి లాగుతుంది. గైడు గీసిన హద్దు దాటొద్దనేది అందుకే.

‘పగడం రాయే కదా, నిలబడితే ఏమవుతుంది?’

అన్నిటికన్నా నష్టం చేసే అపోహ ఇది. పగడం జంతువు. వేలాది చిన్న చిన్న జీవులు సున్నంతో గూడు కట్టుకుంటూ పోతే ఆ దిబ్బ ఏర్పడుతుంది. గుండ్రటి బండలా కనిపించే రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. మీ పాదమంత ముక్క విరిగితే అది మళ్లీ పూడటానికి ఏళ్లు పడుతుంది. ఆ జీవుల ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలే వాటికి రంగూ, చాలావరకు తిండీ ఇస్తాయి. నీరు వేడెక్కితే ఆ శైవలాలు పోయి పగడం తెల్లబడుతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016, 2024లలో ఇలా జరిగింది. కాబట్టి తెల్లగా మెరిసే పగడాన్ని చూసి ‘అబ్బ, ఎంత బాగుందో’ అనుకుంటే, మీరు మెచ్చుకుంటున్నది జబ్బునే. జ్ఞాపకంగా ఓ ముక్క సంచిలో వేసుకోవడం కూడా నేరమే. దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి.

‘సొరచేపలుంటాయి’

ఉంటాయి. దిబ్బల దగ్గర తిరిగే చిన్న రకాలు మనిషిని చూస్తే తప్పుకుపోతాయి. మిమ్మల్ని నిజంగా బాధపెట్టేది ఎండ. బోర్లా తేలుతారు కాబట్టి వీపు కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ పూసుకోవడం కన్నా పొడుగు చేతుల చొక్కా మేలు. సన్‌స్క్రీన్‌లలో వాడే రెండు రసాయనాలు పగడాలకు చేటని హవాయిలో 2021 నుంచి అవి ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకమే ఆపేశారు.

‘చుట్టూ నీళ్లే, స్నానానికి కరువా?’

కరువే. దీవిలో నది లేదు. ఇసుకలోకి ఇంకిన వాన నీరు, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచని పొరలా తేలుతుంది. బావుల్లో దొరికేది అదే, ఎక్కువ తోడితే ఉప్పు పైకొస్తుంది. 2005లో కవరత్తిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు. పైనున్న వెచ్చటి నీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తోడిన చల్లటి నీటితో ఆ ఆవిరిని మళ్లీ నీరుగా మారుస్తారు. దాని సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు. 2011 లెక్కల ప్రకారమే ఆ దీవి జనాభా 11 వేల పైచిలుకు. అంటే మనిషికి పది లీటర్లు కూడా రాదు. ఒంటి మీది ఉప్పు వదిలించుకోవడానికి అర బకెట్ చాలు, పూర్తి స్నానం ఓడ ఎక్కాక చేయొచ్చు.